అన్ని గళ్ళలో సాధారణం

మార్చి 2, సోమవారం

ఈ పుస్తకం కొలతలు రాసుకోవడానికి కొన్నాను. నడుము, భుజం, చెయ్యి, పొడవు. మొదటి పది పేజీల నిండా అవే. ఇక్కణ్ణుంచి మనుషుల్ని కొలుస్తాను. షాపుకొచ్చినవాళ్ళని తిడితే మళ్ళీ రారు. ఇంట్లో ఉన్నదాన్ని తిట్టినా దానికి ఎక్కదు. కాగితం ఒక్కటే అన్నీ పడుతుంది.

తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతులో ఏదో గెలుచుకున్నంత హుషారు. పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చిందట, మొద్దుకి ఉన్న జబ్బేమిటో తేలిందట. ఒక క్రోమోజోము చివర చిన్న ముక్క పుట్టుకతోనే లేదట. అందుకే మాటలు రాలేదట, అందుకే బుద్ధి ఎదగలేదట. ప్రపంచం మొత్తంలో కొద్దిమందికే ఉంటుందట. "చాలా అరుదక్కా" అన్నాడు, ఇంట్లో రత్నం బయటపడ్డట్టు.

పిల్ల జబ్బుకి పేరు వెతకడానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది ఈ మేధావులకి. మాకు అంత ఆలస్యం కాలేదు. గిల్లినా ఏడవదు, కాలినా చెయ్యి తియ్యదు, కాబట్టి మొద్దు. కన్నకూతురికి ఆ పేరు పెట్టింది నాన్న. అలా పిలవనిది అమ్మ ఒక్కతే. అమ్మ పోయి నాలుగు నెలలు. అప్పట్నుంచీ మొద్దు నా వాటా. ఫోన్లు చేయడం తమ్ముడి వాటా.

మార్చి 3

కొత్త చొక్కా మెడ వెనక ఉన్న చీటీ కత్తిరించాను. అది గుచ్చుకుంటోందని ఇల్లెగిరిపోయేలా అరుపులు. సూది గుచ్చుకుంటే మాత్రం నవ్వు. ఇదేం చర్మమో.

మార్చి 6, శుక్రవారం

ఉత్తరం రాసిన డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నరాల డాక్టరు. సన్నగా, పొడుగ్గా, తలలో దారం ఎక్కించడానికి కన్నం ఒక్కటే తక్కువ. సూది డాక్టరు అని పేరు పెట్టాను.

ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళ ఒంట్లో నొప్పినీ వేడినీ మోసుకెళ్ళే నరాలు ఎలా ఉంటాయో పరిశోధన చేస్తోందట. మొద్దు ఒప్పుకుంటే, అంటే నేను ఒప్పుకుంటే, పరీక్షలు చేస్తుందట. దానికి నొప్పి తెలుస్తుందా అని అడిగింది. ఇస్త్రీపెట్టె సంగతి చెప్పాను. దానికి పన్నెండేళ్ళప్పుడు వేడి పెట్టె మీద అరచెయ్యి ఆనించి, అలాగే పెట్టె వంక చూస్తూ నిలబడింది. నాకు వాసన వచ్చి తిరిగి చూసేదాకా తియ్యలేదు. ఆ మచ్చ ఇంకా ఉంది, చూడండి అన్నాను. చూసింది. చెయ్యి మెల్లగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"నొప్పి తెలీదని కాకపోవచ్చండీ. చెప్పే పద్ధతి వేరేమో" అంది.

చదువుకున్నవాళ్ళ తీరే ఇంత. తెలీదు అనే మాటని తిప్పి తిప్పి చెబుతారు.

వెళ్ళేటప్పుడు ఒక పట్టిక చేతిలో పెట్టింది. రోజుకో వరస. నిద్ర, తిండి, నడక, చేసే శబ్దాలు, కొత్తగా ఏమైనా. ప్రతి గడిలోనూ రాయాలట. రోజుకి పన్నెండు ప్యాంట్లకి అంచులు మడిచి కుట్టే మనిషికి ఇంతకంటే పనేముంటుంది.

మార్చి 10, మంగళవారం

పరీక్షలు. తల నిండా తీగలు అంటించారు. చేతికి వేడి పలక కట్టి, కాస్త కాస్తగా వేడి పెంచారు. మామూలు మనిషైతే వేడి తగలగానే బొత్తాం నొక్కాలి. మొద్దుకి నొక్కడం రాదు గనక, కబురు మెదడుకి చేరిందో లేదో తీగలే చెబుతాయట. నేను ముందు నా చేతికి పెట్టించుకుని చూశాను. రెండు నిమిషాలు ఆగలేకపోయాను. అది మాత్రం కిటికీలోంచి బయట తోటమాలిని చూస్తూ కూనిరాగం తీసింది. అదెప్పుడూ తీసే రాగమే. మూడు స్వరాలు, పైకీ కిందకీ, తెల్లారిందగ్గర్నుంచి పడుకునేదాకా. షాపులో కుట్టు మిషను చప్పుడుకి పోటీగా.

తర్వాత మెత్తటి కుంచెతో మోచెయ్యి కింద నిమిరారు. అంతే, కుర్చీ తన్నేసి లేచింది. కుంచెకి అరుపు, నిప్పుకి పాట. ఈ విడ్డూరం చూసి సూది డాక్టరు మొహం వెలిగిపోయింది. మనకి తద్దినం, వాళ్ళకి పరిశోధన.

చివర్లో ఎడమ చీలమండ పైన చర్మంలోంచి ఆవగింజంత ముక్క తీశారు. తీసేముందు ఆ చోట తిమ్మిరెక్కే మందు ఇచ్చింది. నాకు నవ్వొచ్చింది. దీనికి మందెందుకు, వృథా అన్నాను.

"తనకి తెలుస్తుందో లేదో మనకి తెలీదు కదండీ. తేలేదాకా, తెలుస్తుందనే అనుకుంటాను" అంది.

పుణ్యాత్మురాలు. ఇంటికొచ్చాక గుర్తొచ్చి పట్టిక తీశాను. నాలుగు రోజులది ఒకేసారి నింపేశాను. నిద్ర సాధారణం, తిండి సాధారణం, నడక సాధారణం. ఆ గళ్ళు కూడా ఆ మాట పట్టేంత కొలతకే గీశారు.

మార్చి 14, శనివారం

షాపు మెట్ల మీద జారింది. మూడు మెట్లు. నా చేతిలో కోట్ల మూట, పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కూలబడి, నా వంక చూసి నవ్వింది. లేపాను. లేచింది. ఏం కాలేదు.

మార్చి 15

కుడి కాలు ఈడుస్తోంది. సూది డాక్టరు ముక్క తీసింది ఎడమ కాలికి. నాటకమాడటం కూడా సరిగ్గా రాదు దీనికి.

మార్చి 16, సోమవారం

ఇంటి నుంచి షాపుకి ఇరవై నిమిషాలు. ఇవాళ ముప్పావుగంట. పది అడుగులకి ఒకసారి ఆగడం, స్తంభం పట్టుకోవడం. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. దారిలో చెడామడా తిట్టాను. పక్కనుంచి వెళ్తున్నావిడ నన్నో రాక్షసిలా చూసింది. తీసుకెళ్ళమ్మా, ఒక వారం ఉంచుకుని చూడు అనాలనుకున్నాను.

మధ్యాహ్నం ఓ టీచరమ్మ స్కర్టు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చి, "ఆవిడ కాలు ఎవరికైనా చూపించండి" అంది. తన నడుము ఎందుకు పెరిగిందో నేను అడిగానా?

మార్చి 17

ఇవాళ కూనిరాగం లేదు. పొద్దుట్నుంచీ ఒక్క స్వరం కూడా లేదు. షాపు ఎంత ప్రశాంతంగా ఉందో. ఒక కోటు లైనింగ్ మొత్తం ఒక్క కుట్టు తప్పకుండా వేశాను.

మార్చి 18

ఇవాళ కూడా నిశ్శబ్దం. అమ్మ ఉంటే కంగారు పడిపోయేది. దానికి తుమ్మొచ్చినా అమ్మకి దడే. సాయంత్రమైతే చాలు, దాని రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని, అరికాళ్ళకి చెంప ఆనించి కూర్చునేది. ముప్ఫయ్యేళ్ళు దాటినదానికి పాదసేవ. నా కాళ్ళు రోజంతా మిషను తొక్కి తొక్కి వాచిపోయేవి, వాటికెవరూ చెంప ఆనించలేదు.

మార్చి 20, శుక్రవారం

బూటు తీసి కిటికీలోంచి కింద బట్టల లాండ్రీ వాడి మీదకి విసిరింది. ఎంత తొడిగినా కుడి బూటు ఉంచుకోదు. మణికట్టు కొరుక్కుంటోంది, పళ్ళ గాట్లు పడ్డాయి. మొండితనం. అమ్మ గారాబం చేసి నాకు అప్పగించిపోయిన మొండితనం.

పట్టిక నింపాను. అన్నీ సాధారణం.

మార్చి 22, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. నెలకోసారి దర్శనం. వచ్చీ రాగానే, "అక్కా, దీని కాలు వాచినట్టు లేదూ?" అన్నాడు. రోజంతా కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే వాయదా అన్నాను. వాడు వంగి చూడబోయాడు. అది కాలు వెనక్కి తీసుకుంది. ఇంత కాలంలో అది కాలు వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. బూటు అంటే కోపం కాబట్టి తీసుకుంది అనుకున్నాను.

తర్వాత వాడు అసలు సంగతికొచ్చాడు. ఇలాంటివాళ్ళని ఉంచుకునే చోటు ఒకటి ఉందట, శుభ్రంగా ఉంటుందట, నర్సులుంటారట. వాడి భార్య వెళ్ళి చూసి కూడా వచ్చిందట. ఇన్నేళ్ళలో మా ఇంటి గుమ్మం తొక్కడానికి తీరిక లేని మనిషికి దానికి మాత్రం దొరికింది.

"నీకు కుదరకపోతే చెప్పక్కా. తప్పేం లేదు" అన్నాడు.

నాకు కుదరకపోవడమేమిటి? నాలుగు నెలలుగా కుదుర్చుకుంటున్నది ఎవరు? వాణ్ణి కడిగి పారేశాను. దాన్ని నాలాగా ఎవరూ చూసుకోలేరు అన్నాను. గుమ్మం దాటేదాకా అంటూనే ఉన్నాను.

మార్చి 23, సోమవారం

పొద్దున మేజోడు తొడగబోతే పాదం పట్టలేదు. పక్కన నీలంగా ఉంది, నీలం చుట్టూ పసుపు. టాక్సీ పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

ఎక్స్ రే తీశారు. కుడి పాదంలో రెండు ఎముకలు విరిగాయి. విరిగినవి పక్కకి జరిగాయి కూడా. నడవడం వల్ల జరిగాయన్నాడు ఎముకల డాక్టరు. ఎప్పుడు పడింది అని అడిగాడు.

నిన్న అన్నాను.

మార్చి 24

నిన్న అన్నాను. తొమ్మిది రోజులు అనడానికి నోరు రాలేదు. వాళ్ళు నమ్మారు. అయిపోయింది. ఎప్పుడు విరిగితేనేం, విరిగింది విరిగిందే కదా. వైద్యం ఒకటే.

ఆసుపత్రి మంచం మీద చెల్లి కాలు కింద రెండు దిండ్లు. అది పైకప్పు వంక చూస్తూ పడుకుంది. ఏమీ అనదు. దానికేం నొప్పి తెలీదు. ఆ సంగతి డాక్టర్లే అంటున్నారు.

మార్చి 25, బుధవారం

ఎముకల డాక్టరు మళ్ళీ వచ్చి కాలు చూశాడు. భారీ మనిషి, భారీ వాచీ. కమిలిన రంగు మూడు రోజులదిలా లేదే అన్నాడు. దానికి ఒళ్ళు అలాగే కములుతుందండీ అన్నాను. ఏ మాత్రం తడుముకోకుండా వచ్చింది ఆ మాట. తెగిన జిప్పుని కన్ను మూసి తెరిచేలోపల మార్చేసేంత నేర్పు నాది, అబద్ధం ఎంత.

రేపు పొద్దున ఆపరేషన్. లోపల చిన్న పలక పెట్టి బిగిస్తారు.

సూది డాక్టరు కూడా వచ్చింది. పరిశోధనలో ఉన్న పేషెంటు కదా, కబురందింది. మందలిస్తుందనుకున్నాను. మందలించలేదు. పట్టిక ఉందా అని మాత్రం అడిగింది. సంచిలో ఉంది. ఆఖరి వరసలు ఆసుపత్రికి వచ్చేటప్పుడు టాక్సీలోనే నింపాను, దారి గతుకులకి అక్షరాలు వంకర పోయాయి. ఇచ్చాను. నిలబడే చదివింది.

"పడ్డ రోజు కూడా అన్నీ సాధారణమేనా అండీ?"

అవునన్నాను.

"ఎముక విరిగినా ఏ మార్పూ లేదు" అని తన పుస్తకంలో రాసుకుంది. రాసుకుంటుంటే పక్కనున్న ఎముకల డాక్టరు తల పంకించాడు.

"అయితే ఆపరేషన్ తర్వాత గట్టి మందులు అక్కర్లేదు. అవి ఊపిరి మీద పనిచేస్తాయి, ఇలాంటివాళ్ళకి అంత మంచివి కావు. నొప్పే తెలీని మనిషికి ఆ రిస్కెందుకు, మామూలు మాత్ర చాలు" అన్నాడు.

సూది డాక్టరు పట్టిక వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఏదో అనబోయి ఆగింది. అనడానికి ఆమె దగ్గరేముంది? నేనిచ్చిన కాగితమే ఉంది.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది. నేను కూడా అదే కదా అన్నాను, వృథా అని. ఇంటికొచ్చాను. చొక్కా కాజాలు కుడదామని కూర్చుని మూడు సార్లు విప్పాను.

మార్చి 26, గురువారం

వరుసగా రాస్తాను.

ఏడింటికల్లా వెళ్ళాను. ఎనిమిదిన్నరకి ఆపరేషన్. చెల్లిని తోపుడు మంచం మీదకి మార్చారు. ఆసుపత్రి గౌను మెడ దగ్గర ముడి గుచ్చుకుంటోందని మెడ అటూ ఇటూ తిప్పుతోంది. ముడి విప్పి పక్కకి కట్టాను. అప్పుడు అది నా చెయ్యి తీసుకుని, నోటి దగ్గర పెట్టుకుని, కొరికింది. గట్టిగా కాదు. తన మణికట్టు మీద ఎలా గాట్లు పడ్డాయో అదే చోట, అదే పట్టు.

ఎందుకు కొరికిందో నాకు తెలీదు. ఈసారి దాన్ని నాటకమని రాసుకోలేకపోయాను.

సూది డాక్టరు గది రెండో అంతస్తులో. మెట్లెక్కి వెళ్ళాను. ఇంకా తాళం తీస్తోంది. నా చేతిలో ఈ పుస్తకం. సంచిలో ఎప్పుడూ ఉండేదే. కావాలని తెచ్చానని చెప్పుకోను.

"అది పడ్డది ఆదివారం కాదు. పద్నాలుగో తారీకు, శనివారం" అన్నాను.

తాళం చెవి అలాగే పట్టుకుని నిలబడింది.

"పట్టికంతా అబద్ధం. నేను ఒకేసారి కూర్చుని నింపాను. నిజం ఇందులో ఉంది."

చదవమంటారా అని చెయ్యి చాచింది. ఇవ్వలేదు. ఇందులో ఆమెని నేనేమన్నానో ఉంది. నేనే చదువుతానన్నాను. కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే చదివాను, బడిలో తప్పు చేసిన పిల్లలా. పద్నాలుగు, మెట్ల మీద జారింది, నవ్వింది. పదిహేను, కుడి కాలు ఈడుస్తోంది, నాటకమాడటం కూడా రాదు దీనికి. పదహారు, స్తంభం పట్టుకుంది, లాక్కొచ్చాను. పదిహేడు, కూనిరాగం లేదు, షాపు ఎంత ప్రశాంతంగా ఉందో.

అక్కడ పుస్తకం మూశాను. ఆమె రాసుకుంటున్న కలం ఆపింది. నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా అలాగే ఉంది.

ఇరవై, బూటు విసిరింది, మణికట్టు కొరుక్కుంది, మొండితనం. ఇరవై రెండు, కాలు వెనక్కి తీసుకుంది.

నా చేత్తో నేనే రాశాను అన్నీ. ఒక్కటి వదల్లేదు. పట్టికలో రాయమన్న ప్రతీదీ ఇక్కడ రాసి పెట్టాను, తేదీలతో సహా, తిట్లు కలిపి. నాకు కనబడలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. కనబడింది. కనబడిన ప్రతిసారీ దానికి నాటకమని పేరు పెట్టాను.

ఆమె లేచింది. "రాగం పదిహేడున ఆగింది. ఆ తర్వాత మళ్ళీ తీసిందా?" అని అడిగింది.

లేదు.

"ఆసుపత్రిలో?"

లేదు.

"అయితే తనకి నొప్పి ఉందండీ. పన్నెండు రోజుల నుంచి ఉంది" అంది. గొంతు పెంచలేదు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే సుఖంగా ఉండేది, నేను జవాబు చెప్పగలిగేదాన్ని.

ఇద్దరం కిందకి దిగాం. ఎముకల డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి ఆయనతో మాట్లాడింది. మధ్యలో ఆయన నా వంక చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను మనుషుల్ని చూసే చూపే అది. ఇన్నేళ్ళలో నా మీద ఎప్పుడూ పడలేదు.

"మొన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"సిగ్గేసింది" అన్నాను. నిజం అంతకంటే పెద్దదేమీ కాదు.

గట్టి మందే రాశాడు. పక్కన నర్సుని ఉంచి, ఊపిరి చూస్తూ ఇస్తామన్నాడు. రెండు గంటలు పట్టింది ఆపరేషన్. విరిగిన రోజే వచ్చి ఉంటే కట్టుతో సరిపోయేదట. అది కూడా రాసుకుంటున్నాను.

మార్చి 28, శనివారం

మధ్యాహ్నం రాగం తీసింది. మూడు స్వరాలే. నర్సు అదేం పాట అంది. పాట కాదు, మా చెల్లి అన్నాను. పిచ్చిదానిలా చూసింది.

మార్చి 31

చర్మం ముక్క ఫలితం, తీగల పరీక్ష ఫలితం వచ్చాయి. సూది డాక్టరు కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. వేడినీ నొప్పినీ మోసే సన్న నరాలు చెల్లి చర్మంలో తక్కువగా కనబడ్డాయట. వేడి కబురు చేరుతోంది గానీ ఆలస్యంగా, నీరసంగా చేరుతోందట. తాకిడి కబురు మాత్రం సరిగ్గానే వెళ్తోందట, అయితే మెదడు దాన్ని మామూలు కంటే పెద్దది చేసి వింటోందేమోనట. అందుకే కుంచెకి అరిచింది. చేరిన నొప్పిని అది ఎలా బయటపెడుతుందో ఎవరికీ తెలీదట, ఒక్కొక్కరిదీ ఒక్కో తీరట.

"ఇది ఒక్క మనిషి ఫలితం. అందరికీ ఇదే అని చెప్పలేను" అంది. చెప్పలేను అని చెప్పడానికి ఈవిడకి సిగ్గు లేదు. నాకు అది కాస్త అలవాటు కావాలి.

పట్టిక ఏం చేశారని అడిగాను. కొట్టేసి, పక్కన కారణం రాసి, నేను చదివిన తేదీలు ఎక్కించిందట. నా పేరు రాయలేదట. రాసినా బాధ లేదన్నాను. అబద్ధం, ఉంది.

ఏప్రిల్ 5, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. చెల్లి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఇదే రావడం. వాడికి చెప్పాను, తొమ్మిది రోజులు నడిపించానని. వాడి ఎదుట ఈ మాట అనడం డాక్టరు ఎదుట చదవడం కంటే కష్టమైంది. కిందటిసారి నేను వాడికి చెప్పినవన్నీ ఆ గదిలోనే ఇంకా తిరుగుతున్నట్టున్నాయి. ఇప్పుడు వీడి వంతు, కడిగేస్తాడు, కాగితాలు తీసి సంతకం పెట్టమంటాడు అనుకున్నాను.

చెల్లి కట్టు వంక చాలాసేపు చూశాడు.

"నేను చిన్నప్పుడు దీన్ని పిన్నుతో గుచ్చేవాణ్ణి. ఏడవదు చూడండని స్నేహితులకి చూపించేవాణ్ణి. నీకు గుర్తుందా?"

"ఉంది. నేనూ చూసేదాన్ని" అన్నాను.

"ఒకసారి గుచ్చాక వెళ్ళి గోడకి నుదురు ఆనించి నిలబడింది. చాలాసేపు. మేం నవ్వుకున్నాం."

వాడు కాఫీ చల్లార్చుకుని, చల్లారినదాన్నే తాగాడు. ఆ చోటు గురించి వాడెత్తలేదు, నేనూ అడగలేదు. శనివారాలు వచ్చి నేను షాపులో ఉన్నంతసేపూ కూర్చుంటానన్నాడు. రెండు వారాల్లో తేలుతుంది వీడి మాట బిగువు.

ఏప్రిల్ 12

సాయంత్రం దాని ఎడమ పాదం, కట్టు లేనిది, కడిగి తుడుస్తుంటే అరికాలులో చిన్న గాజుపెంకు కనబడింది. ఎప్పుడు గుచ్చుకుందో. అది మాత్రం గోళ్ళు చూసుకుంటోంది. పట్టకారుతో తీశాను. అరికాలు కంటికి పూర్తిగా కనబడక, వేలితో తడిమాను. వేలికి ఇంకేం తగల్లేదు. వేళ్ళకి నా పనిలో కాయలు కాశాయి, వీటికేం తెలుస్తుంది. వంగి చెంప ఆనించాను.

ఒక చోట వేడిగా ఉంది. చెంపకి తెలిసింది, వేలికి తెలీలేదు.

అమ్మ ప్రతి సాయంత్రం చేసింది ఇది. పాదసేవ అని ఇక్కడే రాశాను నేను. ఆవిడ ముద్దు చేయడం లేదు. వెతుకుతోంది. గాయం ఉందేమోనని, పెంకు ఉందేమోనని, ముప్ఫై నాలుగేళ్ళు రోజూ వెతికింది. మాకెవరికీ చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్నా? నా వెటకారానికి భయపడి చెప్పలేదేమో. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. రాశాను.

ఏప్రిల్ 18

తమ్ముడు రెండో శనివారం కూడా వచ్చాడు. వేళకే. నాకు తిట్టడానికేమీ దొరక్క, బూట్లు గుమ్మంలో అడ్డంగా విప్పాడని తిట్టాను.

ఏప్రిల్ 28, మంగళవారం

పదకొండింటికి ఒకాయన ప్యాంటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక కాలు అంచు కుట్టాను, రెండోది మిషను మీద ఉంది. తలెత్తి చూస్తే చెల్లి కుర్చీలో కూర్చుని బల్ల అంచుకి పొట్ట గట్టిగా ఒత్తి పెట్టుకుంది. రాగం తీస్తూనే ఉంది. మొహం మామూలుగానే ఉంది. పొట్ట మాత్రం బల్లకి ఒత్తుతోంది, వదులుతోంది, ఒత్తుతోంది. ఇది ఎప్పుడూ చెయ్యలేదు.

మిషను ఆపాను. మిగతాది రేపు కుడతాను అన్నాను. ఆయన ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి ఉన్న ప్యాంటు చేత్తో పట్టుకుని, ఇదేమిటండీ అన్నాడు. తాళం వేస్తున్నాను, జరగండి అన్నాను.

ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఓ కుర్ర డాక్టరు. మీసం ఇంకా తీర్మానం చేసుకోలేదు మొలవాలో వద్దో. ఏమైందమ్మా అంటే, బల్లకి పొట్ట ఒత్తుకుంటోంది అన్నాను. ఇంకా? అంతే. జ్వరం లేదు, వాంతి లేదు, తింది, పాడుతోంది. నన్నూ చెల్లినీ మార్చి మార్చి చూశాడు.

దీనికి నొప్పి ఆలస్యంగా, తక్కువగా తెలుస్తుంది, తెలిసినా మీలా మాలా చెప్పదు, కాబట్టి మీరు మొత్తం చూడాలి అన్నాను. సూది డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించాను. నిట్టూర్చాడు. పొట్ట నొక్కి చూశాడు, రక్తం తీశాడు, మూత్రం పరీక్ష, స్కాను. కుంచెలాంటిదేదీ ఒంటికి తగలనివ్వకుండా నేను పక్కనే నిలబడ్డాను. స్కాను చేసే ముందు పూసే జిగురు చల్లగా తగిలి చెల్లి అరిచింది. ముందు చేతిలో వేసుకుని వెచ్చచేసి పూయమన్నాను. స్కాను తీసే పిల్ల విసుక్కుంది, పూసింది.

మూడున్నరకి అన్నీ వచ్చాయి.

"ఏమీ లేదమ్మా. అన్నీ బాగానే ఉన్నాయి. మీరు ప్రతి చిన్నదానికీ ఇలా కంగారు పడితే ఎలా?" అన్నాడు. పక్కనున్న నర్సు నవ్వాపుకుంది. ఆ నవ్వు ఎలాంటిదో నాకు చెప్పనక్కర్లేదు, పొద్దస్తమానం చేసే పని నాది అదే.

ఇదివరకైతే ఆ మీసం గురించి నాలుగు మాటలు అనేదాన్ని, వాడు వారం రోజులు అద్దం చూసుకునేవాడు కాదు. నోటిదాకా వచ్చాయి కూడా. ఊరుకున్నాను.

"ఏమీ లేదని రాసివ్వండి" అన్నాను.

రాసిచ్చాడు. రెండు సార్లు చదువుకున్నాను. బస్సులో మళ్ళీ చదువుకున్నాను. ఎందుకు ఒత్తుకుందో తెలీదు. బల్ల అంచు చల్లగా ఉందేమో, బాగుందేమో, ఊరికేనేమో. తెలీదు.

మళ్ళీ ఒత్తుకుంటే మళ్ళీ వెళ్తాను. రేపు ఒత్తుకుంటే రేపే. ఆ కుర్రాడే ఉంటాడు, నన్ను చూడగానే మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ. నేను మొహాలు చాలా చూశాను.